బదులు మందు

మా వీధిలో బ్రేకు మేడమ్ అంటే తెలియనివాళ్ళు లేరు. డ్రైవింగు స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఎలాగూ ఒక బ్రేకు ఉంటుంది. పక్క సీటు ముందు ఇంకొకటి ఉంటుంది, నేర్పేవాళ్ళ కోసం. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకునే ఆవిడ సగం జీవితం గడిపింది. ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు కూడా తెరమీద కారు జోరుగా మలుపు తిరిగిందంటే ఆవిడ కుడికాలు నేలను నొక్కేస్తుంది. కాఫీ కప్పు ఒలికిపోతే వాళ్ళాయన గుడ్డ తెచ్చి తుడుస్తాడు, ఏమీ అనడు.

నేను పన్నుల ఆఫీసులో కౌంటరు వెనక కూర్చునే ఆడమనిషిని. జనం నా మీద విసుక్కుంటారు, నేను జనం మీద విసుక్కుంటాను, అలా ఉద్యోగం గడిచిపోతుంది. నలభై దాటాక కారు నేర్చుకోవాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందో నాకే తెలియదు. పుట్టింది, చేరాను, పరీక్ష తప్పాను. మళ్ళీ తప్పాను. వెనక్కి పోనిచ్చి రెండు స్తంభాల మధ్య బండి నిలపమంటే నా చేతులు నా మాట వినేవి కావు. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు నన్ను చూడగానే స్తంభాలను కాస్త ఎడంగా జరిపించేవాడు. నా మీద దయతో కాదు, స్తంభాల మీద దయతో. నేను అంత మొద్దును కాబట్టే ఈ సంగతంతా దగ్గరుండి చూశాను. తెలివైనవాళ్ళు చకచకా నేర్చుకుని వెళ్ళిపోయారు.

మేడమ్‌కు రొమ్ములో గడ్డ ఉందని తేలినప్పుడు ఆవిడ పెద్దగా హడావిడి పడలేదు. ఆపరేషన్ చెయ్యాలని, ఆ తర్వాత కీమో ఎక్కించాలని డాక్టరమ్మ చెబితే సరేనని వచ్చేసింది. హడావిడంతా ఇంట్లోవాళ్ళు పడ్డారు. వాళ్ళాయనకు బజారులో కళ్ళజోళ్ళ షాపు. మెత్తటి మనిషి. ఫ్రేము పెట్టుకుని ఎలా ఉందని అడిగితే, ఎంత వికారంగా ఉన్నా బాగుందనే అంటాడు. ఇంట్లో పెత్తనం ఆయన అక్కది. ఆవిడ పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా బతుకంతా గడిపి, రిటైరయ్యాక తమ్ముడి ఇంటి మేడ మీద గదిలోకి చేరింది. ఒకప్పుడు ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడే లైను కలపాలి. ఆ అలవాటు పోలేదు. ఇద్దరు అలిగి కూర్చుంటే మధ్యలో నిలబడి, “మాట్లాడండి” అని పక్కకు తప్పుకుంటుంది. వినడం మాత్రం మానదు. మేమంతా ఆవిడను ఆపరేటరమ్మ అంటాం.

కషాయం మాస్టారిని పట్టుకొచ్చింది ఆపరేటరమ్మే. ఆయన ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. ఇప్పుడు టైర్ల షాపు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని పెద్దపెద్ద గిన్నెల్లో ఏవో ఆకులు, వేళ్ళు మరిగిస్తూ ఉంటాడు. మెడలో విజిల్ మాత్రం తియ్యలేదు. రోగి మందు మింగగానే విజిల్ ఊదుతాడు, అది ఎందుకో ఎవరూ అడగరు. ఆయన మేడమ్‌ను పరీక్షగా చూసి, ఆసుపత్రి మందు ఒంట్లో ఉన్నంతకాలం తన కషాయం లోపలికి దిగదని చెప్పాడు. ఆపరేటరమ్మ మొహం వాడిపోయింది. అది చూసి మాస్టారు, దీనికి ఒక మార్గం ఉందన్నాడు. రోగి తాగలేకపోతే రోగి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు బదులు తాగవచ్చట. వీళ్ళు ఇక్కడ తాగితే గుణం అక్కడ కనిపిస్తుందట. ఎవరికైనా నవ్వొచ్చే మాటే. కానీ ఎక్కడో కూర్చుని ప్లగ్గు గుచ్చితే ఇంకెక్కడో గంట మోగడం బతుకంతా చూసిన ఆపరేటరమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. లైను సరిగ్గా ఉంటే మోగకేం చేస్తుంది అంది.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో జబ్బు మేడమ్‌ది, పథ్యం మిగతా అందరిదీ. ఉప్పు, పులుపు బంద్. మెత్తటి పరుపు మీద పడుకోకూడదు. చక్రాలున్నది ఏదీ ఎక్కకూడదు, మందు బలం చక్రం తిరుగుడుకి చెదిరిపోతుందట. కషాయం తాగేటప్పుడు రోగి ఎటు ఉంటే అటు తిరిగి నిలబడాలి. ఆపరేషన్ అయ్యాక మేడమ్ ఆసుపత్రిలో ఉంటే, అక్కాతమ్ముళ్ళు మేడ మీద గ్లాసులు పట్టుకుని ఆసుపత్రి ఎటో తేల్చుకోలేక కొట్టుకున్నారు. వాటర్ ట్యాంకుకు కుడివైపని తమ్ముడు, ఎడమవైపని అక్క. చివరికి ఎందుకైనా మంచిదని చెరోవైపూ తిరిగి తాగారు. వార్డు మార్చినప్పుడు ఫోను చేసి కిటికీ ఎటు ఉందో అడిగారు. మేడమ్ కుట్లు నొప్పిపెడుతున్నా నవ్వు ఆపుకోలేక నర్సు చేత చీవాట్లు తిందని నాతో చెప్పింది.

ఆ కషాయం నేనూ ఒకసారి వాసన చూశాను. తడిసిన కుక్క పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. కళ్ళజోళ్ళాయన గ్లాసు ఎత్తేముందే కళ్ళు మూసుకునేవాడు, దించాక గోడ పట్టుకునేవాడు. ఆపరేటరమ్మ మాత్రం మేడమ్ ఎదురుగా నిలబడి, కనుబొమ్మ కూడా కదపకుండా చివరి చుక్కదాకా తాగి మూతి తుడుచుకునేది. ఎలా ఉంది వదినా అని మేడమ్ అడిగితే, “బాగుంది. కాస్త తియ్యగానే ఉంది” అనేది.

ఇక అసలు చిక్కు చక్రాలతో వచ్చింది. కీమోకు మేడమ్‌ను తీసుకెళ్ళాలి, ఇంట్లో ఎవరూ బండి ఎక్కకూడదు. ఆటోలో ఒంటరిగా పంపడానికి మనసొప్పదు. స్కూలు ఓనరు బుర్ర గోక్కుని, ఆసుపత్రి దారినే పాఠం చేసేద్దామన్నాడు. పాఠానికి ఎవరిని పంపాలి? ఎప్పటికీ పాఠాలు అవసరమయ్యే మనిషినే పంపాలి కదా. అలా నేను ఆవిడను కీమోకు తీసుకెళ్ళే డ్రైవరునయ్యాను. జుట్టు మొత్తం రాలిపోయి, తలకు నూలు టోపీ పెట్టుకుని, ఆవిడ పక్క సీటులో కూర్చునేది. కాలు రెండో బ్రేకు మీద ఉండేది. నా డ్రైవింగుకు మామూలు కడుపే తిరుగుతుంది, ఇక కీమో కడుపు సంగతి చెప్పాలా? నేను కాస్త కుదుపుగా ఆపినా, కదిపినా చాలు, ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసేది. ఒకరోజు వాంతి చేసుకుని, నీళ్ళు పుక్కిలించి ఊసి, నీరసంగా కళ్ళు మూసుకునే, కదిలేముందు క్లచ్ సగం వదిలి ఒక్క క్షణం ఆగమన్నాను కదా అని గుర్తు చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే బండిని మెత్తగా కదపడం, ఆపడం నేర్చుకున్నాను. ఇన్‌స్పెక్టరుకు భయపడి నేర్చుకోలేనిది ఆవిడ కడుపుకు భయపడి నేర్చుకున్నాను.

ఆ దారిలోనే ఆవిడ నాకు నేర్పడమంటే ఏమిటో చెప్పింది. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలోనే ఉండాలట. బలవంతంగా లాక్కుంటే బిగుసుకుపోయి ఇంకా గట్టిగా పట్టుకుంటారట. తామే నడుపుతున్నామన్న ధీమా వాళ్ళకు ఉండనివ్వాలి, మనం కింద కాలితో మన పని చూసుకోవాలి. నాకది అప్పుడు కారు సంగతిగానే వినిపించింది.

మందు పనిచేసింది. ఆసుపత్రి మందు అని నా ఉద్దేశం. మేడమ్ తలమీద వెంట్రుకలు మొలిచాయి, ముఖానికి కళ వచ్చింది. ఇంట్లోవాళ్ళు మాత్రం చిక్కి సగమయ్యారు. కళ్ళజోళ్ళాయన పాంటు జారిపోకుండా తాడు కట్టుకున్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆయన చేతులు పట్టుకుని ధైర్యంగా ఉండమని చెప్పి, పక్కనే నిగనిగలాడుతూ కూర్చున్న మేడమ్‌ను మంచినీళ్ళు అడిగేవారు. జబ్బు జాడ లేదని డాక్టరమ్మ చెప్పిన రోజున ఆపరేటరమ్మ ఇంటింటికీ వెళ్ళి, తాము తాగామని, తగ్గిందని చెప్పొచ్చింది. మాస్టారు టైర్ల షాపు మీద కొత్త బోర్డు పెట్టించాడు. నాకు ఒళ్ళు మండి, ఇది ఆసుపత్రి గొప్పని వాళ్ళతో చెప్పవేమని మేడమ్‌ను నిలదీశాను. ఆవిడ అద్దం సరిచేసుకుంటూ, వెనక వస్తున్న లారీని చూసుకోమంది.

చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. కొన్నాళ్ళ తర్వాత ఒక ఉదయం ఆపరేటరమ్మ మెట్లు దిగి వచ్చింది. చేతిలో కషాయం సీసా ఉంది. మేడమ్‌ను వంటింట్లోకి పిలిచి, తలుపు వేసి, రవికె పక్కకు తప్పించి, మేడమ్ వేళ్ళను పట్టుకుని చంక కింద పెట్టింది. గోలీకాయంత గడ్డ తగిలింది. చాలాకాలంగా ఉందట. మేడమ్ కీమో సగంలో ఉన్నప్పుడే కనిపించిందట. అప్పుడు చెబితే ఇంట్లో ఇద్దరు రోగులవుతారని చెప్పలేదట. మేడమ్ ఇంకా వేళ్ళు తియ్యకముందే ఆపరేటరమ్మ ఆవిడ రెండో చేతిలో సీసా పెట్టింది.

“నీకోసం మేం తాగాం. ఇప్పుడు నాకోసం నువ్వు తాగు. ఆసుపత్రి మాటెత్తితే మాత్రం నేనీ ఇంట్లో ఉండను.”

మేడమ్ నచ్చజెప్పింది. వాళ్ళాయన జీవితంలో మొదటిసారి కాదన్నాడు. నేను వెళ్ళి, కౌంటరు వెనక ఎంత కటువుగా మాట్లాడతానో అంత కటువుగా మాట్లాడాను. గోడకు చెప్పినట్టే అయింది. మరదలికి నయమైందా లేదా అన్నది ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న. నయమైంది. ఆ నయమైన మనిషే ఎదురుగా నిలబడి ఉంటే మేం ఏమని వాదించాలి? నాకు కోపం ఆగలేదు. ఒక బోర్డు కోసం, ఒక విజిల్ కోసం ఈ మనిషి చచ్చిపోతుందని, మేం గుడ్లప్పగించి చూస్తూ ఉండాలని, ఆ కోపమంతా ఇంటికొచ్చి నా గిన్నెల మీద చూపించాను.

మేడమ్ వాదించడం మానేసింది. ఆ సాయంత్రమే గ్లాసు తెప్పించుకుని, మేడ గది వైపు తిరిగి, కషాయం తాగింది. మర్నాడు మా వీధి చివర స్కూలుకు నడిచి వచ్చింది. ఓనరు కారు తాళాలిస్తే చక్రాలెక్కకూడదని తిప్పి ఇచ్చేసింది. డ్రైవింగు నేర్పే మనిషి కారెక్కనంటే ఓనరుకు చుక్కలు కనిపించాయి. ఆవిడ రోడ్డు పక్కన నిలబడి, ఎదురుగా వెళ్ళే కారుకు చేతులతో క్లచ్, బ్రేకు అంటూ సైగలు చేస్తూ పాఠం చెప్పింది. అందరం ఆవిడకు మతిపోయిందనుకున్నాం. పెద్దావిడ, అదే ఆపరేటరమ్మ, మాత్రం మేడ గది కిటికీలోంచి చూసి సంతోషించింది.

వారం తిరక్కముందే మేడమ్ పెద్దావిడ గదిలోకి వెళ్ళి కూర్చుంది. నేను అక్కడే ఉన్నాను, కుట్టుకోవడానికి ఏదో గుడ్డ తీసుకెళ్ళాను. తన చెకప్పు దగ్గరికి వచ్చిందని, తప్పిపోతే జబ్బు తిరగబెట్టినా తెలియదని మేడమ్ చెప్పింది. వెళ్ళిరావచ్చు కదా అంది పెద్దావిడ. చక్రాలెక్కకూడదు కదా అంది మేడమ్. అంత దూరం నడవలేవులే అని పెద్దావిడే ఒప్పుకుంది.

“వదినా, మీరు తాగితే నాకు తగ్గిందా లేదా?”

“తగ్గింది.”

“నేను తాగితే మీకు తగ్గుతుందా లేదా?”

“తగ్గుతుంది.”

“అయితే నా చెకప్పు మీరు చేయించుకుంటే నాకు చేసినట్టా, కాదా?”

ఊళ్ళో ఏ లైనైనా కలపగల మనిషికి ఈ లైను చిక్కుపడింది. కాదంటే తాగిందంతా వృథా. ఔనంటే ఆసుపత్రికి వెళ్ళాలి. అటూఇటూ చూసి, మాస్టారిని అడగాలి అంది. ముగ్గురం నడుచుకుంటూనే టైర్ల షాపు మీదికి వెళ్ళాం. మాస్టారు సంగతి మొత్తం విని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేదు. మళ్ళీ తీశాడు. కిందికి తొంగి తన బోర్డు వైపు ఒకసారి చూసుకున్నాడు. బదులు తాగడం చెల్లితే బదులు చెకప్పు కూడా చెల్లాలి, ఒక వైపే నడిచే శాస్త్రం శాస్త్రమే కాదన్నాడు. పాపం ఆయనకు వేరే దారి లేదు. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని సగం క్షమించేశాను. డాక్టరమ్మకు మేడమ్ ముందే ఫోను చేసి చెప్పింది.  ఎవరి బదులైతే నాకేం, మనిషిని పంపించమందట.

చెకప్పు రోజున నేను కారు తీసుకెళ్ళేసరికి మేడమ్ ఇంట్లో లేదు. ఏదో పనుందని పొద్దున్నే బయలుదేరిపోయిందట. నాకు అప్పటికి లైసెన్సు చేతికొచ్చింది గానీ, పక్కన మేడమ్ లేకుండా ఆ కారు నేనెప్పుడూ నడపలేదు. ఆపరేటరమ్మ ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నంత బిగువుగా వచ్చి, మేడమ్ సీటులో కూర్చుంది. కాళ్ళు సరిగ్గా రెండో బ్రేకు మీద పడ్డాయి.

ఆ ప్రయాణం గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు మెడ నొప్పి వస్తుంది. కాకి ఎగిరితే బ్రేకు. ఎవరో గొడుగు తెరిస్తే బ్రేకు. నేను దణ్ణం పెట్టి కాళ్ళు పక్కకు పెట్టుకోమంటే, మరదలు కూడా ఇలాగే నొక్కేది కదా అంది. మాస్టారి శాస్త్రం తెలిసినవాళ్ళతో వాదనేమిటి? ఉసూరుమంటూ, ఆగుతూ, కదులుతూ ఆసుపత్రి గేటు దాకా చేరాం. అక్కడ బండి మొత్తానికే ఆగిపోయింది.

నేను చూస్తే ఆపరేటరమ్మ రెండు కాళ్ళూ బ్రేకు మీద ఉన్నాయి.  వెనక అంబులెన్సు కాదు గానీ ఓ పాల వ్యాను, దాని వెనక ఇంకేవో హారన్లు మోగిస్తున్నాయి. వాచ్‌మన్ అద్దం కొడుతున్నాడు. నేను ఏమండీ, ఏమండీ అంటున్నాను. ఆవిడ ముందుకే చూస్తోంది.

“ఇది దాని చెకప్పు కాదమ్మా. నాదేనని నాకు తెలుసు,” అంది మెల్లగా. “దానికి ఆపరేషన్ చేసిన రోజు నేను నడిచి వచ్చి ఆ వరండాలో కూర్చున్నాను. అప్పుడే అనుకున్నాను, ఈ తలుపులోకి నేను పోలేనని. తాగమంటే విషమైనా తాగుతాను. ఆ బల్ల మీద ఒక్కదాన్నే పడుకోలేను.”

 నేను వాచ్‌మన్‌కు కాస్త ఆగమని చెయ్యి చూపించాను. అప్పుడు గేటు పక్కన గోడ దగ్గర కూర్చున్న మనిషెవరో లేచి నిలబడింది. మేడమ్. చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. పాదాలు, చీర అంచు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. మా ఇళ్ళనుంచి ఆసుపత్రికి నడిచి రావడమంటే మాటలు కాదు. కారులోనే ఒక పాఠమంత దూరం. ఎవరూ చూడని చోట ఆటో ఎక్కి ఉంటే అడిగేవాళ్ళు లేరు. ఎక్కలేదు. ఆవిడ చెప్పులు కింద పడేసి, సంచిలోంచి సీసా తీసి, మా కారు వైపు తిరిగి, హారన్ల మధ్యే కషాయం ఎత్తి తాగింది. తాగి, మొహం ఘోరంగా పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని కాసేపు వంగి ఉండిపోయింది. తర్వాత వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. మాస్టారి మాటను ఆవిడ ఏ కోశానా నమ్మదని నాకు తెలుసు. అయినా ఉప్పు మానేసింది, నేల మీద పడుకుంది, ఇంత దూరం నడిచింది. అప్పుడు అర్థమైంది నాకు, ఇది నాటకం కాదని.

ఆపరేటరమ్మ అద్దం దించింది.

“రుచి ఎలా ఉంది?”

“ఛండాలంగా ఉంది వదినా. బాగుందని నాతో ఎలా చెప్పారు అన్నాళ్ళు?”

“నీకు తెలిస్తే తాగనిచ్చేదానివా?”

మేడమ్ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆవిడ భుజం పట్టుకుంది. ఇద్దరి కళ్ళూ నిండాయి, నావి సరేసరి. “మీరు లోపలికి పదండి. నేను నడిచే వస్తాను. బల్ల పక్కనే ఉంటాను,” అంది మేడమ్. పెద్దావిడ కాళ్ళు ఒకటొకటిగా బ్రేకు మీదనుంచి తీసి, కింద మ్యాటు మీద జాగ్రత్తగా పెట్టుకుంది. నేను క్లచ్ సగం వదిలాను. బండి ఒక్క కుదుపు లేకుండా గేటు దాటింది.

గడ్డ చెడ్డదే. ఆలస్యమైంది గానీ, చెయ్యి దాటిపోలేదు. కోత, కీమో అన్నీ పెద్దావిడ ఒంటికే జరిగాయి. పథ్యం అన్ని రోజులూ మేడమే చేసింది. అన్నిసార్లూ నడిచే వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. ఎలా తగ్గిందని అడిగితే పెద్దావిడ, “మా మరదలు తాగింది” అంటుంది. మేడమ్ పక్కనే ఉండి ఔనంటుంది. నేను పళ్ళు కొరుక్కుంటాను.

కానీ ఆ బదులు చెకప్పు సంగతి వీధంతా పాకింది. మా ఆడవాళ్ళు తమకోసం ఆసుపత్రికి వెళ్ళమంటే పని ఉందంటారు, సిగ్గంటారు, మొగుడికి వంట ఎవరు చేస్తారంటారు. పక్కింటావిడ కోసమైతే చెంగు బిగించి బయలుదేరతారు. ఆపరేటరమ్మ మేడ మీద కూర్చుని ఎవరి బదులు ఎవరు వెళ్ళాలో లైను కలిపి, మాట్లాడండి అంటుంది. డాక్టరమ్మ మొదట్లో నెత్తి కొట్టుకుంది, ఇప్పుడు అలవాటు పడిపోయింది.

పోయిన వారం నేనూ వెళ్ళాను. స్నానం చేస్తుంటే చేతికేదో తగిలినట్టనిపించి, ఎవరికీ చెప్పకుండా చాలా రోజులు ఊరుకున్నాను. కటువుగా నీతులు చెప్పిన నేనే. చివరికి మేడమ్ ఇంటి ముందు స్కూలు కారు ఆపి, మీ చెకప్పు ఉందేమో కనుక్కుందామని వచ్చానన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒక్కసారి చూసి, ఉంది, నాకు కుదరదు, నా బదులు నువ్వు వెళ్ళు, పక్కన నేను కూర్చుంటాను అంది. దారి పొడుగునా ఆవిడ కాలు రెండో బ్రేకు మీద ఉంది, ఒక్కసారి కూడా నొక్కలేదు.

డాక్టరమ్మ చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటూ తలెత్తి, ఎవరి బదులు వచ్చారని అడిగింది. నేను బల్ల ఎక్కుతూ బ్రేకు మేడమ్ బదులని చెప్పాను.